ఒక గిటారు పుట్టుపూర్వోత్తరములు

మన యిండ్లలో క్రొత్తమనుష్యుడు గడపలో కాలు పెట్టగానే అతడేమి చేయగలడని అడుగువారు తక్కువ. ఎవరి తాలూకు వాడని అడుగువారు ఎక్కువ. ఈ యలవాటు మనుష్యులతో నిలువక వస్తువులకును ప్రాకినది. పట్టుచీరకు నేత కంటె ఊరిపేరు ముఖ్యము. వీణకు నాదము కంటె బొబ్బిలి యను మాట ముఖ్యము. వస్తువు పుట్టుకను విచారించుట తప్పని మేమనము. కాని విచారించుట వేరు. విచారించినట్లు నటించి మనకు ప్రియమైన జవాబును పుచ్చుకొనుట వేరు. ఈ రెండవ పనిని మేమే యొకసారి చేసితిమి. దానివలన ఒక కుటుంబమునకు వచ్చిన చిక్కును, అది తీరిన విధమును దాపరికము లేక యిచట వ్రాయుచున్నాము.

మా పినతండ్రిగారి కుమారుడొకడు ఉద్యోగరీత్యా అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున పదునైదేండ్లు కాపురముండెను. మితముగా ఖర్చు చేయువాడు. ఆడంబరము నెరుగనివాడు. అతడు తన కొరకని కొనుకొన్న విలువగల వస్తువు ఒక్కటే. అది యొక గిటారు. మూడేండ్ల క్రిందట గుండెజబ్బుతో అకస్మాత్తుగా గతించెను. భార్యయు, కూతురును కాకినాడలోని అత్తవారింటికి వచ్చి చేరిరి. వారి సామానుతోపాటు నల్లని పెట్టెలో ఆ గిటారును వచ్చినది.

వచ్చిన బంధువులు ముందు కన్నీరు పెట్టుకొని, పిదప బీరువామీది పెట్టెను చూచి, "ఆ చెక్కముక్కలో ఎంత పోశాడో!" అని నిట్టూర్చి పోయెడివారు. సాయంకాలమున ఆ పిల్ల దానిని దించి వాయించినచో, తండ్రి పోయిన యింట పాటలేమని ప్రక్కయింటివారు గుసగుసలాడుటయు కలదు. ముసలితల్లి మాత్రము వాకిట కుర్చీ వేయించుకొని వినుచుండెను. కొడుకు గొంతును తిరిగి వినుటకు ఆమెకు మిగిలిన మార్గమదియే.

ఈ సంవత్సరము ఆ బాలిక ఇంటర్మీడియెట్టులో మంచి మార్కులతో తేరినది. మంచి కళాశాలలో చోటు దొరికినది. దానితోపాటు జీతముల పట్టికయు చేతికి వచ్చినది. ఆ పట్టికను చూచి మా మరదలి యన్నగారు గిటారు నమ్ముట మేలని యాలోచన చెప్పిరి. దాని జాతి యెట్టిదో, విలువ యెంతయో తేల్చుటకు నాలుగు పుస్తకములు తిరుగవేసినవారమని మమ్ము పిలిపించిరి. పెద్దరికము నిచ్చినప్పుడు కాదనుట మాకు చేతకాదు.

కాఫీ త్రాగుచు మేము చేసిన ప్రథమపరీక్ష యిట్టిది. గిటారు తలమీద సి. ఎఫ్. మార్టిన్ కంపెనీ పేరును, 1833 అను స్థాపనవత్సరమును కలవు. మెడమీద పందొమ్మిదవ, ఇరువదవ మెట్ల నడుమ ముత్యపుచిప్పతో పొదిగిన యొక సంతకము మెరయుచున్నది. అది ఎరిక్ క్లాప్టన్ అను ఆంగ్ల గాయకునిది. ఆయన పేర 1995లో ఆ కంపెనీవారు 461 గిటారులను మాత్రమే చేసి ఆపివేసిరని మేమెక్కడనో చదివియుంటిమి. మరి మాకు కావలసినదేమి? కన్నడకము తీసి, గొంతు సవరించుకొని, "ఇది ఆ నాలుగువందల అరువదియొక్కటిలో ఒకటి" అని తీర్పు చెప్పితిమి.

ముసలితల్లి వెంటనే, "అవును నాయనా! వాడు ఫోనులో చెప్పాడు. ప్రపంచం మొత్తానికి నాలుగువందల అరవైయొక్కటే ఉన్నాయన్నాడు" అని సాక్ష్యమిచ్చెను. అన్నగారు ఆ సంఖ్యను కాగితముమీద వ్రాసికొనిరి. పదునైదు దినములు తిరుగకమున్నే హైదరాబాదులో ఇట్టి వాద్యములను సేకరించు ఒకాయనను వెదకిరి. ఆయన చెప్పిన వెల బాలిక రెండేండ్ల చదువునకు చాలియున్నది. వచ్చి తీసికొనిపోవుటకు ఆదివారము నిశ్చయమైనది.

శుక్రవారము సాయంకాలము మేము వారింటికి పోగా ఆ పిల్ల గిటారును మెత్తని గుడ్డతో తుడుచుచుండెను. తల యెత్తకయే, "పెదనాన్నగారూ, ఆ నాలుగువందల అరవైయొక్కటిలో మనది ఎన్నోది?" అని యడిగినది.

చదువరులారా, ఆ ప్రశ్నకు మావద్ద జవాబు లేదు. లెక్కపెట్టి చేసిన వస్తువునకు ఒక్కొక్కదానికి లెక్క యుండవలెను గదా! ఆ 461 గిటారులలో ప్రతిదానికిని లోపల ఒక కాగితపుచీటి యంటింపబడి, మొత్తములో అది యెన్నవదో వ్రాయబడి, క్లాప్టన్ యొక్కయు, కంపెనీ యజమానియైన నాలుగవ సి. ఎఫ్. మార్టిన్ యొక్కయు సంతకములు చేయబడియుండును. మేము సంతకమును బయట చూచితిమే గాని లోపలికి తొంగిచూచినవారము కాము.

ఆ రాత్రి యింటికి వచ్చి ఆ కంపెనీ చరిత్రను శ్రద్ధగా చదివితిమి. దాని మూలపురుషుడైన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతమున మార్క్‌నాయికిర్షెన్ అను ఊర, బల్లలు పెట్టెలు చేయు వడ్రంగుల యింట పుట్టెను. వియన్నా నగరమున యోహాన్ స్టౌఫర్ అను ప్రసిద్ధ శిల్పివద్ద గిటారు పని నేర్చి స్వగ్రామమునకు తిరిగివచ్చెను. అచట వయొలిన్ చేయువారి సంఘము, తంత్రీవాద్యములు చేయుట తమ వృత్తివారి హక్కేగాని బల్లలు చేయు వడ్రంగులది కాదని వ్యాజ్యెము పెట్టెను. పని యెట్లున్నదని కాక, చేయువాడు ఏ సంఘమువాడని వారి ప్రశ్న! ఈ మాట మన చెవులకు క్రొత్తది కాదు. వడ్రంగుల హక్కు నిలిచినను ఆ వాతావరణమున మార్టిన్‌కు మనసు నిలువలేదు. 1833లో ఓడ యెక్కి న్యూయార్కు చేరి యంగడి పెట్టెను. కొన్నియేండ్లకు పెన్సిల్వేనియా రాష్ట్రములోని నజరెత్ అను చిన్న పట్టణమునకు మారెను. పుట్టుకచేత పనికిరాడని సాటివారనినవాని పేరే, నేడు ఒక గిటారునకు గొప్ప పుట్టుకగా చెప్పుకొనబడుచున్నది.

మరియొక విచిత్రమును ఆ చరిత్రలో కంటిమి. గిటారులు నజరెత్‌లో తయారగుచున్నను 1898 వరకు వానిమీద న్యూయార్కు ముద్రయే వేయుచుండిరి. అమ్మకము ఆ మహానగరము ద్వారా జరుగుచుండుటయే కారణము. కాబట్టి ముద్రలో నున్న ఊరు, వస్తువు పుట్టిన ఊరు ఒక్కటి కానక్కరలేదు. ఒక్క గుర్తును చూచి జాతి నిర్ణయించువానికి ఇంతకంటె మంచి హెచ్చరిక యేమి కావలెను? సాక్షులు నలుగురుండవలెను, నలుగురును ఒకే మాట చెప్పవలెను.

ఆ 1898వ సంవత్సరముననే గిటారులకు వరుససంఖ్యలు వేయుట మొదలైనది. అంతవరకు చేసినవానిని అంచనా కట్టి 8000తో ప్రారంభించిరి. 1930 మొదలుకొని నమూనా పేరును గూడ సంఖ్యకు పైన ముద్రించుచున్నారు. ఈ రెండును బయటికి కనబడవు. మెడ వచ్చి బుర్రతో కలియుచోట లోపలనున్న చెక్కదిమ్మపై నుండును. ఏ సంవత్సరాంతమునకు ఏ సంఖ్య వరకు వచ్చినదో కంపెనీవారే పట్టిక ప్రకటించియున్నారు.

శనివారము ఉదయమున రెండవపరీక్షకు కూర్చుంటిమి. తంతులను వదులుచేసితిమి. చిన్న అద్దము కావలెనని యడుగగా మా మరదలు లోపలికి పోయి, తన కుంకుమబరిణె మూతలోని అద్దమును తెచ్చి మాట లేక మా చేతిలో పెట్టెను. మూడేండ్లుగా ఆ బరిణెతో ఆమెకు పని లేదు. ఆ అద్దమును పట్టుకొన్న క్షణమున మేము ముందు చెప్పిన తీర్పు ఎంత తేలికగా చెప్పితిమో మా మనసునకు తగిలినది.

పిల్ల దీపము పట్టినది. మేము అద్దమును నాదరంధ్రములో త్రిప్పితిమి. పైపలకకు అడుగున రెండు బద్దలు గుణకారపు గుర్తువలె అడ్డముగా దాటియున్నవి. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమునుండి మార్టిన్ గిటారుల లక్షణమగు కట్టుబడి యదియే. మొదటి సాక్షి బాగుగనే పలికినది. ఇది నకిలీవలె లేదు. సంతకముల చీటి కొరకు వెనుకపలకపై వెదకితిమి. చీటి లేదు, ఉండి ఊడినట్లు జిగురు మరకయు లేదు. దిమ్మవైపు అద్దమును త్రిప్పగా, మూడు సున్నలును, ఇరువదియెనిమిదియు, ఇ. సి. అను రెండక్షరములును తేటగా కనబడినవి. వాని క్రింద ఏడంకెల సంఖ్య యున్నది.

పరిమితముగా చేసిన ఆ 461 గిటారుల నమూనా మూడు సున్నల నలువదిరెండు. సున్నలు బుర్ర పరిమాణమును, తరువాతి అంకె అలంకారపు తరగతిని తెలుపును. ఇ. సి. యనునవి గాయకుని పేరులోని మొదటి యక్షరములు. నలువదిరెండవ తరగతికి పైపలక అంచు చుట్టును రంగులీను చిప్పముక్కలు పొదిగియుండును. దీనికి చేపముల్లు పోలిక గల చెక్క అల్లిక మాత్రమే యున్నది. ఏడంకెల సంఖ్య యన్నచో కనీసము పదిలక్షలు. ఆ కర్మాగారము పదిలక్షలవ గిటారును 2004లో గాని పూర్తిచేయలేదు. అట్టిది 1995లో చేయబడినదగుట యెట్లు? కంపెనీవారు 1996లో అదే సంతకముతో, అదే పరిమాణముతో, సంఖ్యానియమము లేక చేయ నారంభించిన ఇరువదియెనిమిదవ తరగతికి చెందినదిది. సాక్షులందరును ఏకవాక్యముగా మాకు వ్యతిరేకముగా చెప్పిరి.

మేమీ సంగతి చెప్పగానే అన్నగారు తలుపు దగ్గరకు వేసి మెల్లగా, "బావగారూ, కొనే ఆయన లోపల చూడమని అడగలేదు. సంతకం ఉంది, పేరు ఉంది. మనం అబద్ధం చెప్పక్కర్లేదు; ఊరుకుంటే చాలు" అనిరి. ఆయన దుర్మార్గులు కారు. మేనకోడలి చదువే వారి కన్నులయెదుట నుండినది. నిజము చెప్పవలెనన్న మేమును ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేదు. ఆ యూరకుండుటలో పిల్ల చదువు కొంతయు, మా పరువు కొంతయు కలదు. ఏది యెక్కువ పాలో నేటికిని తూచి చెప్పజాలము.

మా మరదలు వెల మాట యెత్తలేదు. చాలసేపు గిటారు వైపు చూచి, "ఆయన అబద్ధమాడారా, బావగారూ?" అని మాత్రమడిగినది.

మేము దానినొక వస్తువుగా చూచుచుంటిమి. ఆమె దానియందు భర్త మాటను చూచుచుండెను. నాలుగువందల అరువదియొకటి యని తల్లితో అతడు చెప్పినది నిజము. గిటారు అందులోనిది కాదనుటయు నిజము. ఈ రెండింటి నడుమ ఆ మంచి మనుష్యుని పేరు నలుగుచుండెను. ముసలితల్లి కొంగు నోటికడ్డము పెట్టుకొనెను.

అప్పుడా పిల్ల, "నాన్న అలా చెప్పలేదే! ఆ నాలుగువందల అరవైయొక్కటి కథ చెప్పి, ఇది దాని తమ్ముడు, ఒక ఏడాది చిన్నవాడు అనేవారు. గొంతు మాత్రం అన్నదే అనేవారు" అన్నది.

"మరి ముందే చెప్పలేదేమి తల్లీ?" అని అడిగితిమి.

"మీరు నన్ను అడగలేదుగా, పెదనాన్నగారూ! మీరు పుస్తకాలు చూసి చెప్పారు. నాకే సరిగ్గా గుర్తులేదేమో అనుకున్నాను."

పెట్టెలోని చిన్న అరను వెదకగా, అంగడివారిచ్చిన రసీదు నాలుగు మడతలలో దొరికినది. తేదీ 2009వ సంవత్సరపుది. నమూనా పేరు దిమ్మమీద నున్నట్లే, ఒక్క యక్షరము తేడా లేక యున్నది. అతడు తాను కొన్నదేదో యెరిగియే కొనెను, ఎరిగినదానినే చెప్పెను. దూరపు ఫోనులో తల్లికి కథ మొదటిభాగము వినబడినది, తమ్ముడన్న మాట వినబడలేదు. వినబడనిదానిని ఆమె ప్రేమ పూరించినది. ఆమె పూరించినదానిని మా పాండిత్యము ముద్రవేసి స్థిరపరచినది.

ఆ సాయంకాలము మా మరదలు తానే హైదరాబాదునకు ఫోను చేసి, ఉన్న సంగతి చెప్పి, పొరపాటునకు క్షమింపుమని కోరెను. ఆయన మర్యాదగానే వినెను. తనకు కావలసినది ఆ 461లోనిదే యనియు, ఇది కావలెనన్నచో మొదటి వెలలో మూడవవంతు ఇయ్యగలననియు చెప్పెను. ఆమె ఆలోచించి చెప్పెదననెను. తరువాత కూతురిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని లెక్క వేసినది. చదువునకు బ్యాంకులో విద్యాఋణమునకు దరఖాస్తు పెట్టిరి, అది మంజూరైనది. తానొక పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయినిగా చేరినది. కోడలు ఉద్యోగమునకు పోవుటయేమని కొందరు బంధువులు ముఖము చిట్లించిరి గాని, ముసలితల్లియే మొదటినాడు మధ్యాహ్నపు డబ్బా కట్టి చేతికిచ్చెను. గిటారు బీరువామీదనే యున్నది.

ఈ వ్యవహారము ముగిసిన పిమ్మట మాకు తోచిన రెండు మాటలు చెప్పి విరమింతుము.

మొదటిది సంఖ్యను గూర్చినది. 461 అను లెక్క కలప తక్కువై ఏర్పడినది కాదు. పనివారు తక్కువై ఏర్పడినదియు కాదు. క్లాప్టన్ 1974లో వెలువరించిన పాటల సంపుటి పేరులో ఆ సంఖ్య కలదు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున సముద్రపుటొడ్డున ఆయన అప్పుడు బసచేసిన యింటి నెంబరది. ఒక యింటి తలుపు నెంబరును గౌరవించి అన్ని గిటారులే చేసిరి. అరుదైనది గొప్పదగునేమో, కాని మనుష్యులు కూర్చుండి అరుదు చేసినదానికి మనము అంతగా దాసులము కావలెనా? ఆయన 1992లో టెలివిజన్ కచేరీయందు వాయించిన 1939నాటి మార్టిన్ గిటారు, 2004లో న్యూయార్కు వేలములో 7,91,500 డాలర్లకు పోయినది. అది చేయబడిననాడు దానికి ఏ విశేష సంఖ్యయు లేదు. దానిపై తిరిగిన చేతులే దానికి విలువ కట్టినవి.

రెండవది కలపను గూర్చినది. మా మరదలి గిటారునకు పైపలక ఉత్తర అమెరికా పడమటి తీరపు స్ప్రూస్ చెట్టుది. వెనుకపలకయు, ప్రక్కలును ఊదారంగు ఛాయగల నల్లని చేవ. పూర్వము ఆ కంపెనీవారు ఇట్టి గిటారులకు బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్ వాడెడివారు. అది దొరకుట కష్టమైనపిమ్మట 1969లో మన దేశపు రోజ్‌వుడ్‌నకు మారిరి. 1992 నుండి ఆ బ్రెజిలు చెట్టునకు అంతర్జాతీయ వ్యాపారమున కఠినమైన రక్షణ ఏర్పడినది. మన దేశపు చెట్టునే మన తెలుగువారు జిట్రేగి యందురు. పాత మేడలలోని మంచములకును, బీరువాలకును మన తాతలు వాడినదదియే. కాకినాడలో ఆ గిటారు నానియుంచిన బీరువాయు జిట్రేగిదే! పుట్టుక పుట్టుక యని సముద్రముల కావల వెదకితిమి. సగము పుట్టుక ఈ దేశపు అడవిలోనిదై, పోయి, నజరెత్‌లో రూపు మార్చుకొని, తిరిగివచ్చి తన జాతి చెక్కమీదనే కూర్చున్నది.

పుట్టుపూర్వోత్తరముల విచారణ వ్యర్థమని మేమనము. నిజముగా విచారించినందుననే ఒక గతించిన మనుష్యుని మాట నిలిచినది. కాని ఆ విచారణ మన గొప్ప కొరకు గాక నిజము కొరకు జరుగవలెను. బయటి సంతకముతో తృప్తిపడక లోపలి ముద్రను చూడవలెను. అన్నిటికంటె ముందు, ఆ వస్తువుతో దినదినము బ్రదుకువారిని, వారు పిల్లలైనను, ఆడువారైనను, అడుగవలెను. మేమడిగినది చివరకు. అడుగవలసినది మొదట.

మొన్న సెలవులకు ఆ పిల్ల కళాశాలనుండి వచ్చినది. మేము పోవుసరికి ముసలితల్లి వాకిట కుర్చీలో కూర్చుండి, లోపలికి చూచి, "తమ్ముణ్ణి దించవే!" అని కేకవేయుచుండెను.